మాటలోంచి బాణీ తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాట రాసుకుని, దాన్ని రాగం తీయకుండా మామూలుగా నోటితో చెప్పి రికార్డు చేస్తే, ఆ చెప్పిన తీరులోంచే కంప్యూటరు బాణీ కట్టే పద్ధతి ఒకటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాటలు రాసేవాళ్ళు, భజన బృందాలవాళ్ళు, బడిలో పిల్లలకు పాటలు నేర్పే టీచర్లు దాని గురించి నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ చేర్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు పాటకు అక్షరం పొడవు చట్టం, గొంతు ఎత్తుపల్లాలు సలహా. చట్టం తప్పితే మాట చెడుతుంది. సలహాను వినాలి, అవసరమైతే పక్కన పెట్టాలి.

సంగీతం రాదు, పాటలు మాత్రం రాస్తాను. నాకు పనికొస్తుందా?

మీలాంటివాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది. పాట రాసిన మనిషి మనసులో ఒక ఊపు ఉంటుంది. దాన్ని హార్మోనియం మీద పలికించడం రాక, ఏదో ఒక సినిమా బాణీలో ఇరికించి పాడేస్తారు. అక్కడే పాట సగం చచ్చిపోతుంది. మీరు మీ పాటను ఎదుటి మనిషికి చెప్పినట్టు చెప్పగలిగితే చాలు. గొంతు బాగుండాల్సిన పని లేదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనా?

మాటలో సంగీతం ఉందన్నది పాత సంగతే. చెక్ దేశపు సంగీతకర్త లియోష్ యానాచెక్ (1854–1928) వీధిలో, బజార్లో మనుషులు మాట్లాడుకునే మాటల్ని విని, వాటి ఎత్తుపల్లాలను స్వరాలుగా పుస్తకంలో రాసుకునేవాడు. మన వాగ్గేయకారులకు మాట, బాణీ ఒకేసారి నోటికొచ్చేవి. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊరు. శ్యామశాస్త్రి పూర్వీకులది కూడా అక్కడి కంభమే అంటారు. మాటనూ పాటనూ విడదీసి చూడని ఆ సంప్రదాయానికి మనం దూరపు చుట్టాలం కాదు.

ఆ పనిని యంత్రానికి నేర్పిన వాళ్ళలో జపాను పరిశోధకులను ముందు చెప్పుకోవాలి. టోక్యో విశ్వవిద్యాలయంలో షిగెకి సగయమ, సతోరు ఫుకయమ, వాళ్ళ సహచరులు 'ఆర్ఫియస్' అనే వ్యవస్థ తయారుచేశారు. జపాను భాషలో పాట టైపు చేస్తే, ఆ మాటల్లో గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో లెక్కగట్టి దానికి తగ్గ బాణీ ఇస్తుంది. 2010లో వాళ్ళు ఈ పద్ధతిని వివరంగా ప్రచురించారు.

జపాను పద్ధతిని ఉన్నదున్నట్టు తెలుగుకు వాడొచ్చా?

వాడకూడదు. జపాను భాషలో ఒకే అక్షరాలున్న రెండు మాటలు గొంతు ఎత్తును బట్టి వేరే అర్థాలిస్తాయి. కాంటనీస్ చైనీస్‌లో ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. బాణీ మాట స్వరానికి ఎదురు తిరిగితే వినేవాళ్ళకు వేరే మాట వినిపిస్తుంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. 'అమ్మ' అనే మాటను పైకి పాడినా కిందకు పాడినా అమ్మే.

మన ఇబ్బంది పొడవు దగ్గర. 'పడు'లో మొదటి అక్షరాన్ని సాగదీస్తే 'పాడు' అవుతుంది. 'గడ్డి'లో ఒత్తును తేలిగ్గా వదిలేస్తే 'గడి' అవుతుంది. కాబట్టి జపానువాళ్ళు ఎత్తుకు పెట్టుకున్న కట్టుబాటును మనం పొడవుకు పెట్టుకోవాలి. వేరే భాషల కోసం చేసిన సాఫ్ట్‌వేర్లు తెలుగు పాటను అందుకున్నప్పుడు లఘువుల్ని (పొట్టి అక్షరాల్ని) ఇష్టమొచ్చినట్టు సాగదీస్తాయి. 'ఎవరో తెలుగు రానివాళ్ళు పాడినట్టుంది' అని మనకు అనిపించడానికి ముఖ్యమైన కారణం అదే.

అక్షరాల పొడవును నా గొంతు నుంచి కొలుస్తారా, రాత నుంచి తీస్తారా?

రాత నుంచి. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు. మాట్లాడేటప్పుడు గురువు (పొడుగు అక్షరం) లఘువుకు సరిగ్గా రెట్టింపు ఉండదు. తొందరలో గురువులు కుదించుకుపోతాయి, వాక్యం చివర లఘువు సాగుతుంది, ఆలోచిస్తూ మాట్లాడితే మధ్యలో అక్షరం ఎక్కడో వేలాడుతుంది. ఆ కొలతల్నే తాళంలో పెడితే పాట కుంటుతుంది.

అందుకని మనకు ఎప్పట్నుంచో ఉన్న లెక్కే వాడతాను. దీర్ఘం ఉన్న అక్షరం, ఐ, ఔ ఉన్నవి, సున్నా, విసర్గ, పొల్లు ఉన్నవి, సంయుక్తానికీ ద్విత్వానికీ ముందున్నది గురువు, రెండు మాత్రలు. మిగిలినవి లఘువులు, ఒక్కో మాత్ర. తర్వాతి మాట సంయుక్తంతో మొదలైనా, అచ్చతెలుగు వాక్యంలో ముందు మాట చివరి అక్షరం మామూలుగా గురువు కాదు. ఈ ఒక్క నియమం ప్రోగ్రాములో పెట్టకపోతే తప్పులు వరసగా వస్తాయి. రికార్డింగు నుంచి పొడవు విషయంలో తీసుకునేవి రెండే: మీరు ఎక్కడ ఆగారు, ఏ మాట మీద ఒత్తి పలికారు.

ఒక్క లైను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారా?

ఇదిగో, ఈ లైను:

పెన్నమ్మ పొంగితే పైరమ్మ నవ్వింది

ముందు మాత్రలు. 'పెన్నమ్మ' గురువు, గురువు, లఘువు: అయిదు మాత్రలు. 'పొంగితే' గురువు, లఘువు, గురువు: మళ్ళీ అయిదు. 'పైరమ్మ' అయిదు, 'నవ్వింది' అయిదు. నాలుగు అయిదులు ఇరవై. లైను దానంతటదే ఖండగతిలో, అంటే అయిదేసి మాత్రల నడకలో కూర్చుంది. ప్రతి అయిదు మాత్రల దగ్గరా కొత్త మాట మొదలవుతోంది, అందులో మూడు మాటలు 'ప'తో ఎత్తుకుంటున్నాయి. తాళం దెబ్బ అక్కడ పడుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎత్తు. ఒక ఆడమనిషి ఈ లైనును మామూలుగా చెప్పినప్పుడు ఒక్కో అక్షరం దగ్గర గొంతు ఇలా ఉందనుకుందాం (లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి; హెర్ట్జ్ అంటే గొంతు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో). పెన్ 190 హెర్ట్జ్, నమ్ 215, మ 225. పొం 205, గి 215, తే 250. పై 210, రమ్ 220, మ 228. నవ్ 205, విన్ 190, ది 170. ఆకారం గమనించండి. 'పొంగితే' అనే షరతు దగ్గర గొంతు అన్నిటికంటే పైకి వెళ్ళింది, ఎందుకంటే వాక్యం ఇంకా అయిపోలేదు, వినేవాళ్ళు ఆగాలి. 'నవ్వింది' దగ్గర దిగి కూర్చుంది.

హెర్ట్జ్ లెక్కతో స్వరాలు కుదరవు. చెవి వాటిని నిష్పత్తిగా వింటుంది కాబట్టి, అన్నిటికంటే తక్కువైన 170ని ఆధారం చేసుకుని, మిగిలినవి హార్మోనియం మీద ఎన్ని మెట్లు పైన ఉన్నాయో చూడాలి. నల్లవీ తెల్లవీ కలిపి ఒక స్థాయికి పన్నెండు మెట్లు. ఆ లెక్కన 190 దాదాపు 1.9 మెట్లు, 215 అంటే 4.1, 250 అంటే 6.7. అంటే మొత్తం మాట ఏడు మెట్ల లోపలే తిరిగింది. మామూలుగా చెప్పే మాట ఎక్కువగా ఇంత ఇరుకుగానే ఉంటుంది, పాటకు చోటు కావాలి. అందుకని అన్నిటినీ 1.8తో హెచ్చిస్తే పై కొస పన్నెండో మెట్టుకు, అంటే పై షడ్జానికి (పై 'స'కు) చేరుతుంది.

మోహన రాగం ఎంచుకున్నాం అనుకోండి. అందులో ఉన్నవి స, రి, గ, ప, ద: సున్నా, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిదో మెట్లు. మన అంకెల్ని దగ్గరి స్వరానికి చేర్చాలి. 'పెన్' 3.5కి వచ్చింది, అది గాంధారం. 'నమ్' 7.3, పంచమం. 'మ' 8.7, ధైవతం. 'తే' పై షడ్జం. 'పైరమ్మ'లో 'రమ్' సరిగ్గా ఎనిమిది దగ్గర, పంచమానికీ ధైవతానికీ మధ్యలో పడింది. మాటలో 'పై' కంటే 'రమ్' పైకి లేచింది కాబట్టి ధైవతమే తీసుకోవాలి. అన్నీ పెడితే:

గా పా ద | పా ప సా | పా దా ద | పా గా స

రెండో భాగంలోని 'సా' పై స్థాయిది, చివరి 'స' కింది స్థాయిది. పాడి చూడండి. చివర 'విన్' గురువు కాబట్టి దాని రెండు మాత్రల్లో 'గ రి' అని జారితే షడ్జంలోకి ఇంకా మెత్తగా దిగుతుంది. ఆ జారుడు నేను చేత్తో పెట్టింది, యంత్రం ఇచ్చింది కాదు.

రాగం మారిస్తే ఏమవుతుంది?

ఆకారం అదే ఉంటుంది, రుచి మారుతుంది. అదే లైనును మధ్యమావతిలో పెడితే (స, రి, మ, ప, ని: సున్నా, రెండు, అయిదు, ఏడు, పది) ఇలా వస్తుంది:

మా పా ని | మా ప సా | పా పా ని | మా రీ స

ఇందులో ఒక చోటు ఆసక్తిగా ఉంటుంది. 'పెన్', 'విన్' రెండూ 3.5 దగ్గరే ఉన్నాయి, రిషభానికీ మధ్యమానికీ దాదాపు సమదూరం. మొదట్లో పంచమం వైపు ఎక్కుతున్నాం కాబట్టి మధ్యమం బాగుంది. చివర షడ్జంలోకి దిగుతున్నాం కాబట్టి రిషభం బాగుంది. ఒకే ఎత్తులో పలికిన రెండు అక్షరాలకు రెండు వేరే స్వరాలు, రెండూ సరైనవే.

కొత్తవాళ్ళకు నేను అయిదు స్వరాల రాగాలే సూచిస్తాను. స్వరాల మధ్య దూరం ఎక్కువ, అందుకని కొలతలో చిన్న తేడా వచ్చినా చాలాచోట్ల స్వరం మారిపోదు. మోహన, మధ్యమావతి తర్వాత జానపద ధోరణి కావాలంటే ఆనందభైరవికి రండి. దాని వక్ర సంచారాలు (స్వరాలు వరసగా కాకుండా మెలికలు తిరిగే తీరు) యంత్రానికి విడిగా నేర్పాలి.

దగ్గరి స్వరానికి చేర్చడమేనా? అయితే కంప్యూటరు ఎందుకు?

ఒక్కో అక్షరాన్ని విడివిడిగా చేర్చుకుంటూ పోతే, పైన చెప్పిన మధ్యమావతి లాంటి చిక్కు వచ్చిన చోటల్లా బాణీ గెంతుతుంది. మొత్తం లైనును ఒకేసారి చూడాలి. ప్రతి అక్షరానికీ మూడు నాలుగు స్వరాలు వీలవుతాయి. పన్నెండు అక్షరాల లైనుకు నాలుగేసి చొప్పున తీసుకుంటే కోటీ అరవై ఏడు లక్షల దారులు ఉంటాయి. వాటిలో ప్రతిదానికీ జరిమానా లెక్కిస్తారు: మాట లేచిన చోట స్వరం దిగితే కొంత, పెద్ద గెంతు వేస్తే కొంత, రాగంలో లేని ప్రయోగం వస్తే చాలా, వాక్యం ముగిసిన చోట నిలకడ లేని స్వరం మీద ఆపితే మరికొంత. అన్నిటికంటే తక్కువ జరిమానా ఉన్న దారే బాణీ.

కోట్ల దారులన్నీ నడవక్కర్లేకుండా ఎడమ నుంచి కుడికి ఒక్కో అడుగులో మంచి దారుల్ని మాత్రమే గుర్తుపెట్టుకునే ఉపాయం ఉంది. ఆండ్రూ విటర్బి 1967లో వేరే పని కోసం, సమాచారాన్ని పంపేటప్పుడు దొర్లే తప్పుల్ని సరిదిద్దడం కోసం కనిపెట్టాడు. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ మీద పాట మొత్తానికీ రెప్పపాటులో అయిపోతుంది.

ఆ జరిమానాల్ని ఎంతెంత పెట్టాలన్నదే అసలు కళ. మాటకు మరీ కట్టుబడితే పురాణం చదివినట్టుంటుంది, రాగానికి మరీ కట్టుబడితే మాట ప్రాణం పోతుంది. కథ చెప్పే పాటకు మాట వైపు, లాలిపాటకు రాగం వైపు మొగ్గుతాను.

మా యాసలోనే రాస్తే ఒప్పుకుంటుందా అబ్బయా?

ఒప్పుకోవడమేంటి, యాసలోనే రాయమని నేను బతిమాలతాను. లెక్క చూడండి. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని పుస్తకభాషలో రాస్తే 'ఎక్కడికి' అయిదు మాత్రలు, 'వెళ్తున్నావు' ఏడు. ఒకటి ఖండగతి, ఒకటి మిశ్రగతి, రెండూ పక్కపక్కన ఇమడవు. అదే నెల్లూరులో అడిగినట్టు రాయండి:

యాడికి పోతుండావబ్బయా

'యాడికి' నాలుగు. 'పోతుం' నాలుగు. 'డావ' అన్న రెండు అక్షరాలూ గురువులే (వ తర్వాత బ్బ ఉంది), నాలుగు. 'బ్బయా' మూడు, పైన ఒక మాత్ర ఊపిరికి. మొత్తం పదహారు, చక్కటి చతురశ్రగతి. ఎవరూ కూర్చుని కట్టింది కాదు, బస్టాండులో రోజూ వినపడే మాట.

ఎత్తుపల్లాల సంగతీ అంతే. ఒంగోలు వైపు పలుకుబడికీ, గూడూరు దాటి తమిళ సరిహద్దు వైపు వెళ్ళాక వినపడే పలుకుబడికీ తేడా చెవి ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. మీరు మీ ఊరి మాటలో చెబితే మీ ఊరి బాణీ వస్తుంది. పుస్తకభాషలో రాసి, పుస్తకభాషలా చదివితే అందరి పాటలూ ఒకేలా ఉంటాయి. యాసను కామెడీ పాత్రలకు వదిలేసిన కాలం చాలా నడిచింది. దాంట్లో ఏడుపు పాట, ప్రేమ పాట, పిల్లల పాట అన్నీ పాడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త: పలికినట్టే రాయండి. 'వస్తున్నాను' అని రాసి 'వస్తుండా' అని పలికితే అక్షరాలూ గొంతూ జత కుదరవు.

నేను చదివితే అంతా ఒకే ఎత్తులో, చప్పగా వస్తోంది. ఎందుకు?

ఎందుకంటే మీరు చదువుతున్నారు. చదవొద్దు, చెప్పండి. కాగితం చూసి చదివేటప్పుడు మనందరికీ బడిలో ఎక్కాలు అప్పజెప్పిన గొంతు వచ్చేస్తుంది. ప్రతి లైనూ ఒకే ఎత్తులో మొదలై, ఒకే చోట లేచి, ఒకేలా ముగుస్తుంది. దాంట్లోంచి తీసిన బాణీ కూడా అలాగే ఉంటుంది.

లైను నోటికి వచ్చాక కాగితం పక్కన పడేయండి. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, ఆ మనిషికి నిజంగా చెప్పాలి. పెన్న పొంగిందన్న సంగతి తెలియని మనిషికి చెబుతున్నట్టు ఒకసారి, పొంగుతుందో లేదోనని దిగులు పడుతున్న రైతుకు ధైర్యం చెబుతున్నట్టు ఒకసారి. రెండింటి గొంతు గీతలూ (ఎత్తుపల్లాలను ప్రోగ్రాము గీసి చూపే గీతలు) తెర మీద పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్ళకు కనిపిస్తుంది. దిగులున్న గొంతు ఇరుకులో తిరుగుతుంది, సంతోషం ఉన్న గొంతు రెండు వైపులా విస్తరిస్తుంది. మీ భావమే బాణీ వెడల్పును నిర్ణయిస్తుంది కాబట్టి ఈ ఒక్క పనికి ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

మిగిలిన జాగ్రత్తలు మామూలే. ఫ్యాను ఆపండి, ఫోనును నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు పట్టుకోండి, కుదిరితే కుదించని వేవ్ ఫైలుగా దాచండి.

గొంతు గీతలో మధ్యమధ్య ఖాళీలు, ఒక్కసారిగా రెట్టింపు గెంతులు కనిపిస్తున్నాయి. రికార్డింగు చెడిపోయిందా?

లేదు. క, చ, ట, త, ప, స లాంటి అక్షరాలు పలికేటప్పుడు స్వరపేటిక కంపించదు, అక్కడ కొలవడానికి ఎత్తే ఉండదు. 'ఎక్కడ'లో క్క దగ్గర గాలి పూర్తిగా ఆగిపోతుంది. 'పెన్నమ్మ'లో న్న, మ్మ దగ్గర మాత్రం ముక్కుతో స్వరం నడుస్తూనే ఉంటుంది. పాడేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుంచుకోవాలి. న్న, మ్మ, ల్ల మీద స్వరాన్ని నిలపొచ్చు. క్క, ట్ట, ప్ప దగ్గర ముందున్న అచ్చును నిలిపి, ఒత్తును చివర్లో టక్కున కొట్టాలి.

రెట్టింపు గెంతులు కొలిచే ప్రోగ్రాము పొరపాటు. గొంతు కంపనాన్ని సగంగానో రెట్టింపుగానో లెక్కపెట్టేస్తుంది. మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 అని హద్దులు ఇస్తే చాలావరకు పోతాయి. ఒక్కో అక్షరానికి అచ్చు మధ్య భాగంలోని నడిమి విలువ తీసుకోండి, అంచుల్లో హల్లుల వల్ల గీత వంకర పోతుంది.

పల్లవికి బాగుంది. కానీ చరణాలన్నిటికీ ఒకే బాణీ కావాలి కదా?

ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. మొదటి చరణంలో గొంతు లేచిన చోట రెండో చరణంలో దిగొచ్చు. నేను చేసేది ఇది: అన్ని చరణాల్లోనూ ఒకే స్థానంలో ఉన్న అక్షరాల ఎత్తుల్ని కలిపి చూసి, అందరూ ఒప్పుకున్న చోట ఆ ఎత్తునే గట్టిగా పాటించమంటాను, గొడవ పడ్డ చోట రాగానికి వదిలేస్తాను. దానికి మాత్రలు, పదాల విరుపులు చరణం చరణానికీ సరిపోవాలి. ఒక చరణంలో 'గురువు, లఘువు' ఉన్న చోట ఇంకో చరణంలో మూడు లఘువులు రావచ్చు, మాత్రలు మూడే కాబట్టి.

విరుపు మాత్రం తప్పకూడదు. పైన చెప్పిన లైనులోనే 'పై' దగ్గర సాగదీసి ఆగి, తర్వాత 'రమ్మ' అని ఎత్తుకుంటే, పైరు పోయి ఎవరినో పైకి రమ్మన్నట్టు వినిపిస్తుంది. ఏ చరణంలో అయినా తాళం కొత్తగా ఎత్తుకునే చోట మాట మధ్యలో ఉంటే, బాణీ మార్చడం కంటే మాట మార్చడం మేలు.

పద్యాలకు కూడా చేయొచ్చా?

చేయొచ్చు. జాతి, ఉపజాతి పద్యాలకు బాగా కుదురుతుంది. కందం మొత్తం నాలుగు మాత్రల గణాలే, కాబట్టి నేరుగా చతురశ్రంలో కూర్చుంటుంది. ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. దానికి రెట్టింపు పాదం తరువోజ. తెలుగులో దొరికిన అతి పాత పద్యాల్లో ఒకటి ఆ తరువోజే, అద్దంకి దగ్గర పండరంగని శాసనంలో రాతి మీద ఉంది. చరిత్రకారులు దాన్ని 848 నాటిదంటారు. పెన్న ఒడ్డున తిక్కన భారతం రాయడానికి నాలుగు వందల ఏళ్ళ ముందే మన వైపు మాటకు కొలత, ఊపు కుదిరాయన్నమాట.

వృత్తాల సంగతి వేరు. ఉత్పలమాలను, శార్దూలాన్ని తాళంలో బంధించకండి. పద్యనాటకాల్లో నటులు చేసేది చూడండి: పాదాన్ని మాటలా అంటారు, చివర రాగం తీస్తారు. యంత్రం నుంచి ఎత్తుల్ని మాత్రం తీసుకుని, నడకను పాడేవాళ్ళకు వదిలేయాలి.

బాణీ మాటకు ఎదురు వెళ్తే తెలుగులో నష్టం లేదన్నారు. మరి మాట ఎత్తుపల్లాలు ఎందుకు?

మాట అర్థం మారదు కానీ వాక్యం భావం మారుతుంది. 'వచ్చాడా?' అని అడిగినప్పుడు చివరి దీర్ఘం దగ్గర గొంతు పైకి లేస్తుంది. బాణీ అక్కడ కిందికి జారితే అది ప్రశ్నలా వినపడదు, ఎదురుచూసి అలిసిపోయిన నిట్టూర్పులా ఉంటుంది. మీకు కావలసింది అదే అయితే మంచిదే. 'ఎవరు', 'ఎందుకు' ఉన్న ప్రశ్నల్లో చివర లేవాల్సిన పని లేదు, బరువంతా ఆ ప్రశ్నమాట మీదే పడుతుంది. 'నేనే', 'ఇదే' అనేటప్పటి ఏకారం దగ్గర శిఖరం ఉండాలి. ఇన్ని ఉన్నాయి కాబట్టే దాన్ని సలహా అన్నాను, సలహా అంటే తేలిక అని కాదు.

రికార్డు చేసిన మాటనే పదేపదే వింటుంటే అదే పాటలా అనిపిస్తోంది. నా చెవి మోసం చేస్తోందా?

అందరికీ అంతే. డయానా డాయిచ్ అనే పరిశోధకురాలు 1995లో తన సొంత గొంతు రికార్డింగులో ఒక ముక్క మళ్ళీ మళ్ళీ మోగుతుండగా దీన్ని గమనించింది. మాట మారదు, వినే తీరు మారుతుంది. దీన్ని ఉపయోగించుకోండి: లైనును ఆగకుండా మోగించి, మీకు తోచిన స్వరాన్ని కూనిరాగంగా తీయండి. యంత్రం ఇచ్చినదానితో పోల్చి చూడండి.

గమకాలు (స్వరం మీద వేసే ఊపులు, జారుడులు) వస్తాయా?

రావు. వచ్చేది అస్థిపంజరం మాత్రమే. గమకం పాడేవాళ్ళ గొంతులోంచి, గురువు నేర్పినదాంట్లోంచి రావాలి. సంగీతం నేర్చుకున్న అమ్మాయికో అబ్బాయికో ఈ స్వరాలు ఇచ్చి పాడమనండి. వాళ్ళు మార్చిన ప్రతి చోటూ గుర్తుపెట్టుకోండి, మీ జరిమానాల్ని దిద్దుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

సునో లాంటి ఏఐలో పాట వేస్తే నిమిషంలో వాయిద్యాలతో సహా వస్తోంది. ఇంత కష్టం ఎందుకు?

అది తయారైన శబ్దాన్ని ఇస్తుంది. ఈ స్వరం ఇక్కడ ఎందుకు పడిందని అడిగితే జవాబు లేదు, ఒక్క స్వరం మార్చమంటే కుదరడం కష్టం. పైగా అది విన్న పాటల్లో మన వైపు మాట ఎంత ఉంటుంది? పాటను టైపు చేసి ఇచ్చినప్పుడు మీరు చెప్పిన తీరు దానికి తెలియనే తెలియదు, రాసిచ్చిన అక్షరాలే తెలుసు. ఆ కంపెనీ మీద, అలాంటిదే అయిన ఉడియో మీద పెద్ద రికార్డు కంపెనీలు 2024 జూన్‌లో అమెరికాలో దావాలు వేసిన సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ మీ చేతికి వచ్చేది స్వరలిపి. ఎవరైనా పాడొచ్చు, ఏ వాయిద్యం మీదైనా వాయించొచ్చు, మీరు దిద్దుకోవచ్చు.

ఏ సాఫ్ట్‌వేర్లు కావాలి? డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. ఎత్తు కొలవడానికి 'ప్రాట్' ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ రాసింది, ఉచితం. పైథాన్ తెలిస్తే 'లిబ్రోసా'లో అదే పని చేసే సాధనం ఉంది. స్వరాలు రాసుకుని వినడానికి 'మ్యూజ్‌స్కోర్' చాలు. గురులఘువులు లెక్కపెట్టే ముక్క పైథాన్‌లో వంద లైన్లు కూడా అవదు.

హక్కులు ఎవరివి?

1957 నాటి మన కాపీరైటు చట్టంలో పాట మాటలు సాహిత్య రచన, బాణీ సంగీత రచన, రికార్డింగు మూడోది. మూడూ వేరువేరు. కంప్యూటరు తయారుచేసిన రచనకు, దాన్ని తయారయ్యేలా చేసిన మనిషినే కర్తగా చట్టం చెబుతుంది. ఇంకొకరి పాటకు బాణీ కట్టాలంటే అనుమతి తీసుకోండి. కవి పోయాక కూడా అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది.

మాది చెక్కభజన బృందం. మాకు ఉపయోగమేనా?

అడుగు ముందు, పాట తర్వాత కాబట్టి మీరు తలకిందులుగా చేయాలి. ముందు అడుగుల లెక్క చెప్పండి, దానికి సరిపడే గతిలో మాటలు రాయండి, అప్పుడు చెప్పి రికార్డు చేయండి. గెంతేటప్పుడు పాడాలి, ఊపిరి ఆడదు. అందుకని స్థాయిని పూర్తిగా విస్తరించకుండా ఎనిమిది మెట్ల లోపలే ఉంచండి.

మా అవ్వ నాట్ల పాటలు పాడతాది. వాటిని దీంట్లో పెట్టొచ్చా?

వాటికి బాణీ ఉంది, మళ్ళీ కట్టొద్దు. 'మాటగా చెప్పవ్వా' అని ఆమెను అడిగి, దాంట్లోంచి కొత్త బాణీ తీసి అదే పాట అనకండి. పాడుతున్నప్పుడే రికార్డు చేసి, ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు, ఏ పనిలో పాడేదో రాసి దాచండి.

కానీ ఆ రికార్డింగు మీకు ఇంకో మేలు చేస్తుంది. ఆమె పాడింది విన్నాక, అవే మాటల్ని మామూలుగా కూడా ఒకసారి చెప్పించుకోండి. మాట గీత, పాట గీత పక్కపక్కన పెట్టండి. ఆమె ఎక్కడ మాటను అనుసరించింది, ఎక్కడ వదిలేసింది, ఏ లఘువును సాగదీసింది, ఏ గురువును సాగదీయలేదు, అన్నీ కనిపిస్తాయి. జరిమానాలు ఎంత పెట్టాలో మీకు అక్కడ తేలుతుంది.

మొదట ఎలాంటి పాటతో మొదలుపెట్టమంటారు?

నాలుగు లైన్ల పల్లవి. లైనుకు పదహారు లేదా ఇరవై మాత్రలు, అన్ని లైన్లకూ ఒకే లెక్క. వాటిలో ఒకటి ప్రశ్న అయితే గొంతు కదలిక బాగా ఉంటుంది. మీ ఇంట్లో మాట్లాడే మాటే రాయండి, మోహనలో పెట్టండి, ముందు వాయిద్యాలు లేకుండా చప్పట్లతో పాడించండి. చప్పట్లకు నిలబడితే చరణాలకు వెళ్ళండి.